నూట పది నిమిషాల చక్కెర

తెల్లవారుజామున మూడున్నరకి
సీసపు గోడ వెనక చక్కెర తయారవుతుంది.
నాలిక్కి తగిలే చక్కెర కాదు.
నూట పది నిమిషాలకి సగం,
మరో నూట పదికి పావు.
రెసీఫె వంతెనల మీద రద్దీ మొదలవకముందే
ఆసుపత్రికి చేర్చకపోతే
సీసా మిగులుతుంది, వెలుగు మిగలదు.

ఇవాళ మొదటి పేరు జుల్మీరా.
అరవై రెండేళ్ళు. ఎడమ రొమ్ము.
కాగితం మీద మూడు చోట్ల 'లేదు' అని ఉంది.
మందు పట్టుకు వేలాడే మూడు కొక్కేల్లో
ఒక్కటీ లేదని అర్థం.

నరం వెతుకుతుంటే
ముంజేతి నిండా సన్నటి తెల్లగీతలు.
చెరకాకు కోతలు.
పదకొండో ఏట కత్తి పట్టిందట, పాల్మారెస్ తోటల్లో.
నా బ్యాడ్జీ మీది పేరు కూడబలుక్కుని చదివింది:
"లిం-డి-నాల్-వా. ఇందులో ఏం పోశావు?"
చక్కెర, అన్నాను.
పైపన్ను లేని నోటితో నవ్వింది.
"బతుకంతా దాన్ని నేను మోశాను.
ఇప్పుడది నన్ను మోస్తుందా?"

గంటసేపు కదలకూడదు, మాట్లాడకూడదు.
కదిలిన కండ చక్కెర తాగేస్తుంది.
ఊరికే పడుకోవడం ఆమెకి చేతకాదు.
దుప్పటి కింద కుడిచెయ్యి
లేని కత్తిపిడి చుట్టూ ముడుచుకుంటూ, విచ్చుకుంటూ.

తెర మీద మెదడు వెలిగింది. వెలగాల్సిందే.
మూత్రాశయం వెలిగింది. అదీ మామూలే.
తర్వాత రొమ్ములో ఒక నిప్పుకణిక,
చంకలో రెండు,
పక్కటెముక మీద, నేను చూడకూడదనుకున్న చోట,
ఆవగింజంత.

రోజూ చూసేదే. అయినా ఆ లెక్క నాకు మింగుడుపడదు.
ఆ కణం గోడ నిండా తలుపులే.
చక్కెర వచ్చిపడుతుంది.
ఊపిరి తెచ్చే గాలి ఉంది, పూర్తిగా కాల్చే పొయ్యి ఉంది.
అయినా సగంలో ఆపి పులియబెడుతుంది.
ముప్పై వచ్చే సరుకుని రెండుకి అమ్ముకుంటుంది.
పిచ్చి బేరం అనుకుంటాం. కాదు.
కాలకుండా మిగిల్చుకున్న కట్టెలతో
కొత్త గోడలు లేపుతుంది, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా.
పులుపు బయటికి వదిలి
పక్కవాడి కంచె కరిగిస్తుంది.
కాపలాకొచ్చిన కణాలు ఆకలితో సొమ్మసిల్లుతాయి.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టడంతో ఆగదు,
పీకి ఇంకో ఇల్లు కట్టుకుంటుంది.

ఫలితం డాక్టరే చెప్పాలి, నేను కాదు.
ఆ జబ్బు చక్కెరని ఏం చేస్తుందని మాత్రం అడిగింది,
నాకొచ్చిన మాటల్లో చెప్పాను.
సగంలోనే చెయ్యెత్తి ఆపింది.
"మిల్లు పాడైన రోజు రసం తొట్లోనే ఉండిపోయేది.
మూత తీసే ఉన్నా, గాలి తగుల్తున్నా
మధ్యాహ్నానికి పులిసేది.
మేస్త్రీ కన్నా ముందు ఈగలకి తెలిసేది.
ముందు నురగ. తర్వాత ఘాటు.
కొన్నాళ్ళకి తొట్టి మేకుల్ని కూడా తినేసేది.
అదేనా?"
అదే, అన్నాను.
ఆరేళ్ళు చదివి నేను చెప్పలేనిది.

"అయితే తీపి మానేస్తే చస్తుందా?"
లేదు. మీరు తినకపోయినా
మీ కాలేయమే చక్కెర చేసి పెడుతుంది.
పస్తుంటే ముందు చిక్కిపోయేది మీరు.
"పస్తుకి చచ్చేదైతే" అంది చెప్పులు వేసుకుంటూ,
"నలభై ఏళ్ళ కిందే చచ్చుండేది."

క్యాంటీన్లో కాఫీ తీసుకుంది.
మూడు చెంచాలు వేసుకుంటుంటే
చుట్టూ చూసింది, ఎవరైనా అడ్డొస్తారేమోనని.
నేను గిన్నె ఇటు జరిపాను.

సాయంత్రం దాకా మనవల్ని ఎత్తుకోవద్దన్నాను.
గోడ గడియారం చూసి వేళ్ళ మీద ఏదో లెక్కేసింది.
మంగళవారం మొదటి మందు.
ఒంట్లో వెలుగు సగానికొచ్చేసరికి
బస్సు ఎస్కాడా దాటి ఉంటుంది.
అక్కణ్ణుంచి రెండు వైపులా చెరకే.